అతిమధురం, జ్యేష్ఠమధు

నిన్న సాయంత్రం మారతహళ్ళి ఇంట్లో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం నేను, కోడలు, మనవరాలు. బల్ల మీద ఉన్నవి వేడినీళ్ళ ఫ్లాస్కు, మూడు కప్పులు, రక్తపోటుకు మంచిదని కోడలు కొనుక్కొచ్చిన మూలికల టీ పెట్టె. అలవాటు కొద్దీ కళ్ళజోడు పెట్టుకుని పెట్టె మీది దినుసులన్నీ చదివాను. నాలుగోది అతిమధురం. గట్టిగా నవ్వి నా కప్పు పక్కకు జరిపాను.

అరవైల మొదట్లో మేము కాడుగోడిలో ఉండేవాళ్ళం. నాన్న రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి ఒక బట్టల మిల్లులో మగ్గాలు చూసేవారు, నేను డిప్లొమా చివరి ఏడు చదువుతున్నాను. ఆ ఏడు మిల్లు డాక్టరు నాన్నకు రక్తపోటు బాగా ఎక్కువగా ఉందని, నెలలో దిగకపోతే పనికి తగడని రాయక తప్పదని చెప్పారు. ఇంట్లో సంపాదించేది ఆయనొక్కరే కాబట్టి అమ్మ ఉప్పు తగ్గించి, కాఫీ మానిపించి, పొద్దునా సాయంత్రం కషాయం పట్టేది. ఆయనా "తియ్యగా బాగుండాది, ఇంకో లోటా పొయ్యి" అంటూ తాగేవారు. అయినా రెండు వారాలకు చూపిస్తే, దిగకపోగా ఇంకా పెరిగింది.

బెల్లం వెయ్యని కషాయం తియ్యగా ఎందుకుందన్న ప్రశ్న నన్ను తొలిచేసింది. డబ్బాలన్నీ దించి, వరసగా పెట్టి, ఒక్కొక్క పొడీ నాలుక మీద వేసుకుంటుంటే అమ్మ, "ఏమప్పా ఇంజనీరూ, కషాయానికీ ప్లాను గీస్తావా?" అని దెప్పింది. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, శొంఠి, తన పుట్టింటి పద్ధతిలో వేసిన అతిమధురం, పక్కింటి కన్నడ అజ్జి చెప్పిందని తెచ్చి కలిపిన జ్యేష్ఠమధు. చివరి రెండింటిదీ ఒకటే రుచి! రెండు భాషలూ మాట్లాడే మా ఇంట్లో ఒకే వేరు రెండు పేర్లతో రెండింతలు పడుతోందని ఎవరికీ తట్టలేదు.

రెండు పొట్లాలూ పట్టుకెళితే డాక్టరు వాసన చూసి, ఇది గొంతుకు మంచిదే కాని ఎక్కువైతే ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి పోటును పెంచుతుందని, వెంటనే మాన్పించమని చెప్పి, గడువు ఇంకో నెల పొడిగించారు. ఆ సాయంత్రమే అమ్మ రెండు డబ్బాలూ దొడ్లో గుమ్మరించి, గోడ మీదుగా కేక వేసింది: "అజ్జీ, మీ జ్యేష్ఠమధూ మా అతిమధురమూ ఒకతేనంట! రెండు పేర్లు పెట్టుకోని మా ఇంటాయన్ని మింగతా ఉండాది!" వీధి వీధంతా నవ్వింది. నేను చదువుతో గెలిచిన మొదటి గెలుపు అదే.

ఇప్పుడు మా అంతస్తులో నాలుగు భాషలవాళ్ళం ఉన్నాం, ఒకరింటి కషాయం ఇంకొకరికి తెలియదు. అలాంటి పొరపాటు చెయ్యడానికి కూడా వీల్లేదు.

గడువు చివరి రోజున నాన్న రక్తపోటు నూట ముప్పై, ఎనభై నాలుగు.