మీ వైపు వాన పడిందా?

మా అత్తగారు పోయారు. శ్రావణమాసం ముసురు పట్టి రోడ్డూ కాలవా ఒక్కటైపోయిన రోజుల్లో, రాజమండ్రి ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా కన్నుమూశారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మండపేట దగ్గర మా ఊరికి ఆవిడని తీసుకొస్తున్నప్పుడు కూడా వాన ఆగలేదు. అంబులెన్సు అద్దం మీద ధారలు కడుతున్న నీళ్లు తప్ప దారిలో నాకింకేమీ కనపడలేదు.

నేను అనంతపురం వైపు నుంచి వచ్చిన కోడలిని. మా ఆయనా నేనూ కలిసి చదువుకుని, పెద్దవాళ్లని ఒప్పించి పెళ్లి చేసుకున్నాం. మా వైపు మబ్బులు పట్టినట్టే పట్టి నెత్తి మీదుగా ఎటో వెళ్లిపోతాయి. వేరుశనగ విత్తి ఆకాశంకేసి చూడటమే మా నాన్న వ్యవసాయం. అందుకే కాపరానికొచ్చిన కొత్తలో ఒక రోజు జోరున వాన పడితే ఆగలేక వాకిట్లోకి పరుగెత్తాను. తడిసి ముద్దయ్యాక వెనక్కి చూస్తే, అత్తగారు అరుగు మీద నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను.

“మీ వైపు వానలు పడవా అమ్మా?” అని అడిగారు.

“ఎప్పుడో గానీ పడవండీ.”

ఆవిడ లోపలికి వెళ్లారు. తువ్వాలు తెచ్చి నా తల తుడుస్తూ, “మేం ఎక్కువై ఏడుస్తాం, మీరు లేక ఏడుస్తారు. ఆ పైవాడికి పంచడం రాదమ్మా” అన్నారు.

అప్పట్నుంచి ఆవిడకో అలవాటు. టీవీలో వాతావరణం వార్తలొస్తే చాలు, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవారు. మా ఊరి పేరు అందులో ఎవరు చెబుతారు? అయినా చివరిదాకా విని నన్నడిగేవారు, “మీ వైపు పడిందా అమ్మా?” పడిందంటే ఆ పూట ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవారు. లేదంటే లేచి వెళ్లిపోయేవారు.

ఈ డెల్టా తడిని నేను చాలాసార్లు విసుక్కున్నాను. డబ్బాలో ఉప్పు నీరవుతుంది, తలుపులు ఉబ్బి మూసుకోవు, పుస్తకాల అట్టల మీద బూజు. ఆవిడ నవ్వేవారు. కానీ తడి ఏం చేయగలదో నాకు తెలిసింది తుఫాను ఏడాదే.

అది కార్తీకం. వరిచేను కోసి, ఎండటానికి పనలుగా పరిచారు. కుప్ప వేసేలోపే తుఫాను వచ్చి పడింది. వాన వెలిశాక మామగారితో పాటు అత్తగారు మోకాలి లోతు నీళ్లలో దిగి, పనలు ఒక్కొక్కటే ఎత్తి గట్టు మీద వేశారు. ఎత్తిన కొద్దీ వెన్నుల్లో తెల్లటి మొలకలు. మామగారు గట్టు మీదే కూలబడిపోయారు. ఆవిడ మాత్రం చీకటి పడేదాకా ఎత్తుతూనే ఉన్నారు. తడిసిన ధాన్యం మిల్లువాళ్లు తీసుకోలేదు. అందులో తినడానికి పనికొచ్చేది ఏరి, ఎండబెట్టి, మర ఆడించుకున్నాం.

అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. నా కంచంలో రోజూ తెల్లటి అన్నమే పడేది. బియ్యం బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే, అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నారు. కంచంలో గోధుమరంగు అన్నం, ముక్కిపోయిన వాసన. పొయ్యి పక్కన వేరే చిన్న గిన్నె.

“ఇదేంటండీ?”

“ముందటేటి బియ్యం ఓ బస్తా మిగిలాయమ్మా. అవి నీకు.”

“మరి మీరు?”

“నాకీ వాసన అలవాటే. కడుపులో బిడ్డకి అలవాటు కాకూడదు.”

నేను ఏడుస్తుంటే, “ఊరుకో, వేవిళ్లు మళ్లీ మొదలవుతాయి” అని కసిరారు. పక్కన కూర్చుని ఆ అన్నమే ఓ ముద్ద పెట్టమన్నాను. పెట్టలేదు.

నా కూతురు పుట్టాక దగ్గరుండి అన్నీ చేసింది కూడా ఆవిడే. ఆ అన్నం సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తనిచ్చేవారు కాదు.

ఆసుపత్రిలో చివరి సాయంత్రం ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి ఏదో అన్నారు. వంగి చెవి పెట్టాను.

“మీ వైపు... పడిందా అమ్మా?”

ఆ మధ్యాహ్నమే మా అమ్మ ఫోన్లో, విత్తనం మట్టిలోనే మాడిపోతోందని చెప్పింది.

“పడిందండీ. చెరువు నిండిందంట” అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని తలాడించారు. ఆ తర్వాత మాట్లాడలేదు.

శ్మశానంలో కట్టెలు అంటుకోలేదట. నలుగురు నాలుగు వైపులా టార్పాలిన్ బరకం పైకెత్తి పట్టుకుని నిలబడితే, ఎంతోసేపటికి గానీ మంట లేవలేదట. మా ఆయన నిలువునా తడిసి ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. “తడి కట్టెలే, ఒకటే పొగ. అమ్మకి పొగ పడదు కదా” అంటూ చంటిపిల్లాడిలా ఏడ్చారు.

పెద్దకార్యం రోజుకి వాన తెరిపిచ్చింది. చుట్టాలు వెళ్లిపోయాక పెరటి వరండాలోకి వెళ్లాను. దండెం మీద ఆవిడ నేతచీర ఉంది. ఆసుపత్రికి బయల్దేరేముందు, ఆయాసపడుతూనే, వద్దంటున్నా వినకుండా తనే ఉతికి ఆరేసుకున్న చీర. మడత పెడదామని చేతిలోకి తీసుకున్నాను. రోజూ జల్లు కొట్టి అంచు దగ్గర ఇంకా తడిగానే ఉంది. మళ్లీ దండెం మీదే వేసి, మడతలు విప్పి, వెడల్పుగా పరిచాను.