కూర్చోవడానికి గెలిచిన వెంకటరమణప్ప

మదనపల్లె టమాటా యార్డులో వేలం వేసే వెంకటరమణప్ప మునిసిపల్ ఛైర్మన్ కావాలనుకున్నది ఊరిని ఉద్ధరించాలని కాదు. కూర్చోవాలని. మోకాళ్లకు ఆముదం రుద్దుకుంటూ ఈ మాట ఆయనే చెప్పాడు.

"తెల్లారి లేస్తే మద్యాన్నం దాకా నిలబడాల్సిందేనప్పా. వేలమేసేవోడు కూలబడితే సరుకు యాడికీ పోదు."

తొంభైల్లో మొదలైన ఆ నిలబడటం 2005 దాకా సాగింది. పుంగనూరు దారిలో వాళ్లది చిన్న పట్నం. ఆ ఏడు అక్కడ మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. భార్య సుభద్రమ్మ, "ఎట్లయినా నిలబడే మనిషివే గదా, ఈ తూరి ఓట్లకి నిలబడు" అంది. నిలబడ్డాడు, కౌన్సిలర్‌గా గెలిచాడు. ఛైర్మన్ పదవి కోసం కొట్టుకుంటున్న ఇద్దరు పెద్దలు ఒకరినొకరు ఓర్వలేక, ఎవరికీ అడ్డం రాని మనిషని ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

గుండ్రంగా తిరిగే కుర్చీ అది. నాలుగేళ్లు దాన్ని వదల్లేదు. కొత్త బోరింగు తెరవమంటే కుర్చీ తెప్పించుకుని, కూర్చునే కొట్టాడు. జెండా పండుగకు మాత్రం లేచాడు, అదీ పాట అయ్యేదాకానే. కౌన్సిల్ మీటింగుల్లో సభ్యులు అరుచుకుంటుంటే నవ్వుతూ చూసేవాడు. యార్డు ఆ చివరికి వినిపించే ఆయన గొంతు అక్కడ ఎవరూ వినలేదు.

వైస్ ఛైర్మన్ హనుమంతు అదే యార్డులో టమాటాలు కొనే వ్యాపారి. 2009లో అతను అవిశ్వాసం పెట్టాడు. అది నెగ్గాలంటే వెంకటరమణప్ప వైపు నుంచి కూడా కొన్ని చేతులు లేవాలి.

వెంటనే వెంకటరమణప్ప తన కౌన్సిలర్లను వ్యానులో ఎక్కించి కుప్పం తీసుకుపోయాడు. లాడ్జీలో పేకాట, టీవీలో అరవ సినిమాలు, మూడు పూటలా కోడికూర. తిరుగు ప్రయాణానికి ముందు అందరినీ వరుసగా పిలిచి మోకాళ్ల మీద ఒట్టు పెట్టించుకున్నాడు.

"సెయ్యెత్తితే ఈ మోకాళ్ల మింద ఒట్టు. రంగప్పా, అట్ల అదమాకప్పా, నొస్తాది!"

మీటింగుకు పైనుంచి ఒక అధికారి వచ్చాడు. పీల గొంతుతో, "అవిశ్వాసానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు. హనుమంతు వాళ్లు ఎత్తారు. చాలలేదు. కుప్పం బ్యాచ్ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఇంకెవరైనా?"

నిశ్శబ్దం. ఇంకాసేపు ఊరకుంటే కుర్చీ ఆయనదే. కానీ వెంకటరమణప్పకు ఆ నిశ్శబ్దం తెలుసు. ధర పడిపోయిన రోజు యార్డులో ఉండేది అదే. చేతులు లేవవు, పెట్టెలు కదలవు, తంబళ్లపల్లె నుంచి సరుకు తెచ్చిన రైతు ఈయన మొహంకేసి చూస్తుంటాడు. మోకాళ్లు వాటంతటవే లేచాయి.

"ఏమప్పా, అట్ల నిద్రబోతాండారు! సెయ్యెత్తేదానికి గూడా బద్దకమా? ఒకటోసారి!"

అధికారి పెన్ను కింద పడింది. కుప్పం బ్యాచ్‌లో ముప్పాతిక మంది ఆ గొంతు కింద ఏళ్ల తరబడి టమాటాలు కొన్నవాళ్లే. రంగప్ప చెయ్యి లేచింది. రంగప్పకు సరుకు దక్కిపోతుందని పక్కవాడూ ఎత్తాడు.

"ఆఁ, అట్ల రావల్ల! రెండోసారి! ఆ మూలాయన, సూస్తాండావు గానీ ఎత్తవేం? మూడోసారి! హనుమంతుకి ఖరారు!"

హనుమంతు భుజం మీద ఒక్క చరుపు చరిచాక గానీ తాను ఎక్కడున్నాడో ఆయనకు తెలియలేదు.

రంగప్ప చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "అన్నా, ఒట్టు..."

"దించప్పా. పాట అయిపాయ."

ఇంటికి రాగానే సుభద్రమ్మ తగులుకుంది. "యాల లేస్తివి? నీ నోటికి తాళమెయ్య!"

"సరుకు నిలిచిపోతాంటే ఎట్ల కూర్చునేదే?"

మళ్లీ యార్డుకే వచ్చాడు. జాలిపడిన వ్యాపారులు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చివేశారు. కూర్చుని నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రాలేదు. లేచాడు. గొంతు వచ్చింది. ఎదురుగా కొత్త ఛైర్మన్ హనుమంతు టమాటాలు కొనడానికి వచ్చి, ఆయన మొహం చూడలేక పెట్టెల కేసి చూస్తున్నాడు. వెంకటరమణప్ప కుర్చీని కాలితో అటు నెట్టాడు.

"కూర్చో ఛైర్మనన్నా, కూర్చో. సెయ్యి మాత్రం ఎత్తు."