పదికి రెండు మార్కులు

నేను ఓర్వలేని మనిషిని. ఇంతకాలానికి ఈ మాట రాయగలుగుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా నాతో అని ఉంటే వాళ్ళ గుమ్మం మళ్ళీ తొక్కేదాన్ని కాదు.

డెబ్భైల చివర మా ఆయన ఉద్యోగం కోసం న్యూజెర్సీ వచ్చాం. అంతకు ముందు ఆరేళ్ళు నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుని. వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళేదాన్ని. ప్రతి లెక్కకీ పూర్తి సాధన, ఏ మెట్టుకి ఎంత మార్కో రాసిన కాగితాలు మా చేతికి ఇచ్చేవారు. దాన్ని స్కీము అనేవాళ్ళం. సూత్రానికి అర మార్కు, విలువలు వేసినందుకు ఒకటి, జవాబు వాక్యంగా రాస్తే ఇంకో అర. రెండో రోజుకల్లా అదంతా నాకు నోటికి వచ్చేసేది. పక్క బల్లల వాళ్ళు కాగితం తిప్పే శ్రమ లేకుండా నన్నే అడిగేవారు. ఆ స్కీము చివర ఏటేటా ఒకే వాక్యం ఉండేది: వేరే సరైన పద్ధతిలో చేసినా పూర్తి మార్కులు ఇవ్వాలి అని.

అమెరికాలో నా డిగ్రీలు ఎవరికీ పట్టలేదు. టీచరుగా చేరాలంటే మళ్ళీ కాలేజీకి వెళ్ళి, వాళ్ళ సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నారు. చంటిపిల్లతో అది కుదరలేదు. తర్వాత ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫారాలు టైపు చేసే పనిలో చేరాను. ఇక నాకు మిగిలిన క్లాసు ఒక్కటే, మా అమ్మాయి. డైనింగ్ టేబుల్ దగ్గర దాన్ని కూర్చోబెట్టి, స్కూల్లో టీచరు దిద్ది ఇచ్చిన హోంవర్కుని ఎర్ర పెన్నుతో మళ్ళీ దిద్దేదాన్ని. మార్జిన్‌లో అర, ఒకటి, ఒకటిన్నర అని వేసి కింద మొత్తం కట్టేదాన్ని. ఇక్కడ హాఫ్ మార్కులు ఉండవమ్మా, అసలు మార్కులు కావు, పాయింట్స్ అంటారు అని అది విసుక్కునేది. ఎక్కడైనా లెక్క లెక్కే అనేదాన్ని. ఎనిమిదో క్లాసుకి వచ్చేసరికి నేను పిలిస్తే గానీ పుస్తకం తెచ్చేది కాదు.

అప్పుడు ఆవిడ వచ్చింది. మేముంటున్న ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మా బిల్డింగుకి ఎదురుగా, పార్కింగ్ అవతల ఇంట్లో దిగారు. నాకంటే ఐదారేళ్ళు చిన్న. చదివింది బాటనీ. ఒక్కరోజు కూడా క్లాసులో నిలబడి పాఠం చెప్పిన మనిషి కాదు. ఆవిడకీ మా అమ్మాయి వయసు కూతురు ఉంది. పిల్లలిద్దరూ వారం తిరక్కుండా జట్టు కట్టారు. మొదట్లో నేను సంతోషించాను కూడా.

కొన్నాళ్ళకి శనివారం పొద్దునపూట మా వైపు ఉన్న తెలుగు పిల్లలు నలుగురైదుగురు ఆవిడ వంటింట్లో చేరడం మొదలైంది. లెక్కలు చేసుకోవడానికట. ఆవిడ ఒకపక్క పప్పు తాలింపు వేస్తూ, ఇంకోపక్క వాళ్ళ చేత లెక్కలు చేయిస్తుందట. మా అమ్మాయి ముందుగా లేచి, తలకి పోసుకుని, నేను చెప్పకుండానే పుస్తకం చంకలో పెట్టుకుని పరిగెత్తేది. నా దగ్గర దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే పిల్ల! ఆ పుస్తకం కేసి చూసినప్పుడల్లా నా ఒళ్ళు మండిపోయేది. ఆరేళ్ళు పాఠం చెప్పినదాన్ని, వేల పేపర్లు దిద్దినదాన్ని ఇంట్లో ఉండగా, బాటనీ ఆవిడ దగ్గరికా?

ఒక శనివారం దాన్ని తీసుకురావడానికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. పిల్లలంతా కిటికీలోంచి పార్కింగ్‌లోకి చూస్తున్నారు. పెద్ద పిల్లల సైకిళ్ళు, చంటివాళ్ళ మూడుచక్రాల బళ్ళు కలిపి ఇరవై, మొత్తం చక్రాలు నలభై ఏడు, ఏవి ఎన్ని అని ఆవిడ అడిగింది. మా అమ్మాయి పెన్సిల్ తీసి ఎక్స్ అని మొదలుపెట్టబోయింది. ఆవిడ గరిట పట్టుకునే నవ్వి, అన్నీ రెండు చక్రాలవే అనుకోండి, అప్పుడెన్ని అంది. నలభై అన్నారు. ఇంకో ఏడు ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి అంది. ఆ ఏడూ మూడుచక్రాల బళ్ళవి అని మా అమ్మాయి అరిచింది. దాని ముఖంలో అంత వెలుగు నేను ఏనాడూ చూడలేదు. నా టేబుల్ దగ్గర ఎన్నేళ్ళు కూర్చుంది! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అలా అరిచిందా?

ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. అది నాకు ఆవిడ కంటే బాగా తెలుసు. అందుకే ఇంకా కుళ్ళుకున్నాను.

ఆ ఏడాది ఉగాదికి మా తెలుగువాళ్ళంతా ఒక స్కూలు కెఫెటీరియా అద్దెకి తీసుకుని కార్యక్రమం పెట్టుకున్నారు. పిల్లలకి లెక్కల పోటీ పెడదామని అనుకుని, పేపరు తయారుచేసే పని నాకు అప్పగించారు. దిద్దడానికి తోడుగా ఆవిడని వేశారు. ఐదు లెక్కలు, లెక్కకి పది మార్కులు. పైకి మొహమాటపడ్డాను గానీ లోపల ఎగిరి గంతేశాను. మా అమ్మాయికి అసలు లెక్క ఎలా చేయాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఇప్పుడు తెలిసొస్తుందనుకున్నాను.

నాలుగో లెక్క కావాలనే ఇచ్చాను. హాల్లో నాలుగు కాళ్ళ కుర్చీలు, మూడు కాళ్ళ స్టూళ్ళు కలిపి నలభై ఉన్నాయి, మొత్తం కాళ్ళు నూట నలభై ఐదు, కుర్చీలెన్ని, స్టూళ్ళెన్ని? ఆవిడ వంటింటి పిల్లలు దీన్ని ఎలా చేస్తారో నాకు తెలుసు. స్కీము రాయడానికి కూర్చుని మార్కులు పంచాను. కుర్చీలు ఎక్స్, స్టూళ్ళు వై అనుకున్నందుకు ఒకటి. మొదటి సమీకరణానికి ఒకటిన్నర, రెండోదానికి ఒకటిన్నర. వాటిని సాధించినందుకు రెండు. అలా వచ్చిన ఎక్స్‌కి ఒకటి, వైకి ఒకటి. సరిచూసినందుకు ఒకటి, జవాబు వాక్యానికి ఒకటి. మొత్తం పది. సమీకరణాలు రాయని పిల్లకి చివరి రెండు తప్ప ఏమీ రావు. చివర అలవాటుగా ఆ వాక్యం కూడా రాశాను, వేరే సరైన పద్ధతి గురించి. రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఫెయిర్ కాపీ రాసేటప్పుడు దాన్ని వదిలేశాను. మరిచిపోయానని ఆ తర్వాత ఎన్నిసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నానో! మరిచిపోలేదు. వదిలేశాను.

పోటీ రోజు పదిహేను మంది పిల్లలు రాశారు. పేర్లు కాకుండా నంబర్లు వేయించాను, న్యాయంగా ఉండాలని. రాతలు చూస్తే ఏ పేపరు ఎవరిదో ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. మా అమ్మాయి పేపరు ఆవిడకి ఇచ్చి, ఆవిడ కూతురి పేపరు నేను తీసుకున్నాను. మా అమ్మాయి పేపరు నేను దిద్దకూడదు కదా అని గొప్పగా చెప్పాను కూడా. అంత న్యాయం నాది.

కెఫెటీరియా వెనక చిన్న గదిలో కూర్చుని దిద్దుతున్నాం. బయట పులిహోర ట్రేలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ కూతురు నాలుగో లెక్క నాలుగు లైన్లలో చేసేసింది. అన్నీ స్టూళ్ళయితే నూట ఇరవై కాళ్ళు. ఇంకా ఇరవై ఐదు కాళ్ళున్నాయి. కుర్చీకి ఒక కాలు ఎక్కువ కాబట్టి ఇరవై ఐదు కుర్చీలు, పదిహేను స్టూళ్ళు. కింద వంద, నలభై ఐదు కూడి సరిచూసింది కూడా. ఆ పేపరు ఆరేళ్ళ నా సర్వీసులో ఎదురై ఉంటే పక్కవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేదాన్ని. సరిచూసినందుకు ఒకటి, జవాబుకి ఒకటి వేసి, పదికి రెండు అని చుట్టూ సున్నా చుట్టాను.

ఆవిడ చేతిలోని కట్టలోనూ అలాంటి పేపర్లు ఉన్నాయి. కాసేపటికి ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇలా చేస్తే ఎంత వేయమంటారు?"

"స్కీములో ఎలా ఉందో అలా వెయ్యండి."

ఆవిడ స్కీము ఇంకోసారి చదివింది. ఆ తర్వాత ఒకసారి నా వంక చూసింది. ఏదో ఒకటి అంటే బాగుండునని ఎదురుచూశాను. నాలుగు దులిపెయ్యడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. ఆవిడ తన కుర్చీలోకి వెళ్ళి రెండు వేసింది. తన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలందరికీ వరసగా రెండు, రెండు అని వేసుకుంటూ పోయింది.

మా అమ్మాయి ఎక్స్, వైలతోనే చేసింది. ఆవిడ దానికి యాభైకి యాభై వేసింది. ఎక్కడైనా అర తగ్గించి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. ఆ పేపర్లో ఒకచోట గుర్తు తప్పు పడి, మా అమ్మాయి అది కొట్టేసి మళ్ళీ రాసుకుంది. నేనైతే అర తీసేసేదాన్ని. ఆవిడ దాని పక్కన చిన్న టిక్కు పెట్టింది.

మా అమ్మాయికి మొదటి బహుమతి. ఆవిడ కూతురికి నలభై రెండు, నాలుగో స్థానం. మూడు బహుమతులే ఉన్నాయి. స్టేజి మీద కప్పు అందుకుంటున్న మా అమ్మాయిని చూసి నా కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు తెలిసిందా అని ఆవిడ వైపు చూశాను. ఆవిడ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. దానికీ నాకు ఒళ్ళు మండింది.

భోజనాలకి ముందు పేపర్లు పిల్లలకి తిరిగి ఇచ్చేసి, నా స్కీము కాపీ కెఫెటీరియా గోడకి టేపుతో అంటించాను. ఎవరికి ఎందుకు తగ్గిందో వాళ్ళే చూసుకోవాలి, మా రోజుల్లో అయితే ఈ అవకాశం ఎక్కడిది అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పాను. ఆవిడ కూతురు తన పేపరు పట్టుకుని గోడ ముందు నిలబడింది. ఏడవలేదు. పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళింది. మా అమ్మాయి చంకలో కప్పుతో వచ్చి, ఆ పేపరు తీసుకుని చూసింది.

"అమ్మా, ఇది రాంగా?"

"తప్పు కాదు. స్టెప్పులు లేవు."

మా అమ్మాయి ఆ నాలుగు లైన్లూ మళ్ళీ చదివింది. పేపరు నా ముందు పెట్టింది.

"ఏ స్టెప్ మిస్ అయింది? నాకు చూపించు."

పేపరు తీసుకుని ఒక్కో లైనూ చూశాను. నలభై మూళ్ళు నూట ఇరవై ఉంది. తీసివేత ఉంది. ఒక్కో కుర్చీకి ఒక్కో కాలు ఎక్కువన్నది ఉంది. ఆ నాలుగు లైన్లలో లేని మెట్టు ఒక్కటి కూడా నాకు దొరకలేదు. చుట్టూ నలుగురు పెద్దవాళ్ళు ప్లేట్లు పట్టుకుని ఆగారు. నేను ఆ లైన్లే మళ్ళీ మళ్ళీ వెతుకుతుంటే ఆవిడ వెనకనుంచి వచ్చి మా అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎక్స్, వై పెట్టే చెయ్యాలని మీ అమ్మ నాకు ముందే చెప్పిందమ్మా. మీకు చెప్పడం నేనే మర్చిపోయాను. నాదే తప్పు."

నేను ఆవిడకి ముందు అలాంటిదేమీ చెప్పలేదు. ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. మా అమ్మాయి ముఖం చూస్తే దానికీ తెలిసిందని అర్థమైంది. నలుగురి ముందు నా పరువు నిలబెట్టింది, అదీ ఇంత తేలిగ్గా, ఉప్పు అందించినంత తేలిగ్గా. కృతజ్ఞత కలగాలి. కలగలేదు. మంచితనంలో కూడా నాకంటే ముందే ఉండాలా ఈవిడ అనిపించింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్లో మా ఆయన కప్పు గురించి ఏదో సరదాగా మాట్లాడబోయారు. మా అమ్మాయి నిద్ర వస్తోందంది. సాయంత్రం నాలుగింటికి.

తర్వాతి శనివారం పొద్దున్నే, నేను పిలవకుండానే మా అమ్మాయి పుస్తకం తెచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. ఎన్నాళ్ళుగా కోరుకున్న సంగతి! కాఫీ పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. చేసిన లెక్కలు నా వైపు తిప్పింది. ఎక్కడా ఒక్క మెట్టు వదల్లేదు. ఎక్స్ అనుకుందాం అని మొదలుపెట్టి, జవాబు వాక్యంగా రాసి, కింద గీత కూడా గీసింది. అర మార్కు తీయడానికి కూడా సందు ఇవ్వలేదు. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. మా అమ్మాయి అటు చూడకుండా కూర్చుంది.

గెలిచాననుకుంటూనే, ఆంటీ వాళ్ళింటికి వెళ్ళవా అని అడిగాను.

"వెళ్ళను. నేను వెళ్తే నువ్వు మళ్ళీ నా ఫ్రెండ్ మార్క్స్ కట్ చేస్తావు."

కోపంగా అనలేదు. లెక్కలో ఒక మెట్టు చెప్పినట్టు చెప్పి, తర్వాతి పేజీ తిప్పింది.

ఆ మాటకి నాకు ముందు కలగాల్సింది సిగ్గు. అది వచ్చింది, ఆలస్యంగా, చాలా ఏళ్ళపాటు. కానీ ఆ క్షణంలో ఎర్ర పెన్ను పట్టుకుని నేను అనుకున్నది వేరు. స్నేహితురాలిని కాపాడడానికి, తనకి ఎంతో ఇష్టమైన శనివారాలు వదులుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుందే, నా కోసం ఈ పిల్ల ఎప్పుడైనా ఏమైనా వదులుకుందా అని కుళ్ళుకున్నాను.