గోడ మీద నుంచి గెలిపించిన ఆట

వికారాబాద్ జట్టును ఓడించిన ఎత్తు డ్రిల్లు సారుది కాదు, నాది. ఆర్నెల్ల కింద తాండూరు బడివాళ్లు వేసిన పాత విద్యార్థుల సంచికలో అది ఆయన బుర్రలో పుట్టిందని ఫొటోతో సహా అచ్చు వేశారు. రాసింది అప్పటి మా కెప్టెనే. తర్వాత అతను డ్రిల్లు సారుకు అల్లుడయ్యాడు కాబట్టి ఇందులో నేను విడమరిచి చెప్పాల్సింది లేదు.

నిజానికి నేనా బడి విద్యార్థిని కాను. ఏడో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత చదివిందంతా పొట్లాలు విప్పిన కాగితాల మీదే. బడి గోడకు ఆనుకుని ఉన్న బండల కార్ఖానాలో పని. మధ్యాహ్నం గోడెక్కి రొట్టె తింటూ రెండేళ్లపాటు బాస్కెట్‌బాల్ చూసేసరికి, డ్రిల్లు సారుకు తెలియనివి కొన్ని నాకు తెలిశాయి. గొప్పకు చెప్పడం లేదు, ఆయన అసలు కబడ్డీ మనిషి.

ఆ రోజు వికారాబాద్ పిల్లలు అనంతగిరి గుట్టలెక్కి దిగిన కాళ్లతో వచ్చి, మావాడి చేతికి బంతి అందిందో లేదో ఇద్దరేసి మీద పడుతున్నారు. మావాళ్లేమో బంతిని నేలకు కొట్టుకుంటూ ఆ ఇద్దరి మధ్య నుంచే దూరబోవడం, పోగొట్టుకోవడం. సగం ఆటకే పరువు పోయింది. డ్రిల్లు సారు గట్టిగా పట్టుకోండ్రనడం తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఉండబట్టలేక విరామంలో కెప్టెన్‌ను గోడ దగ్గరికి పిలిచాను.

"ఏందన్నా, మేమే పరేషాన్‌ల ఉంటే."

"ఇటు చూడు. మా లారీకి బండలెక్కిచ్చేటోళ్లల్ల ఒక్కడన్న బండ పట్టుకొని నడుస్తుండా? అందుకున్నోడు అందిస్తడు, ఖాళీ జాగలకు జరుగుతడు. ఒక్కని మీద ఇద్దరు పడ్డరంటే మీల ఒకడు ఖాళీగ ఉన్నట్టే గదా. వాళ్లు మీద పడకముందే వానికియ్యి. ఇచ్చి, వాళ్ల ఎన్క నుంచి బుట్ట కిందికి పో."

"సారు తిడ్తడు."

"ఓడితే తిట్టడా?"

రెండో సగంలో బంతి నేలను తాకడమే మానేసింది. వికారాబాద్ పిల్లలు బంతి ఉన్న చోటికి ఉరకడం, తీరా చేరేసరికి అది అక్కడ లేకపోవడం. చివరికి నడుముల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డారు. రెండు పాయింట్లతో గెలిచాం. జట్టు డ్రిల్లు సారును భుజాలకెత్తుకుంది. నన్ను మేస్త్రీ కాలు పట్టి గోడ మీద నుంచి లాగాడు. చప్పట్లు కొట్టిన చేతులతోనే బండలెత్తాను.

ఇప్పుడు బండలను యంత్రం ఎత్తిపెడుతోంది. చేతి నుంచి చేతికి సాగే ఆ వరుసను చూసినవాళ్లే కరువయ్యాక, ఆ ఎత్తు ఎక్కడిదో చెబితే నమ్మేదెవరు? అందుకే మైదానం బొమ్మ గీసి, బాణాలు వేసి మరీ కెప్టెన్‌కు ఉత్తరాలు రాశాను. మూడింటికి ఉలుకూ పలుకూ లేదు. నాలుగోదానికి నిన్న జవాబొచ్చింది:

"అన్నా, ఎత్తు నీదే. నాకెరుకే. గని మామకు తొంభై దాటినయ్. గా సంచిక దిండు కింద పెట్టుకొని, వచ్చినోళ్లందరితోని చదివిచ్చుకుంటుండు. ఆయన ఉన్నన్ని దినాలు నేను నోరు తెరువ. పోయినంక నీ పేరే రాస్త, ఒట్టు. గని ఆయన ఇప్పటికీ పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు తిని బస్టాండు దాంక నడిచొస్తుండు. నువ్వే జర పానం మంచిగ చూస్కో."