జీడి చమురు పూసిన కంప్యూటరు

పలాసలో బస్సు దిగీ దిగకముందే జీడిపిక్కలు కాల్చే వాసన ఎదురొస్తుంది. ఎందరికో అన్నం పెట్టే వాసన, తప్పు పట్టకూడదు. నిన్న మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాసేపు స్టాండులోనే కూర్చుండిపోయాను. మా బావ కంప్యూటరు గుర్తొచ్చింది.

బావ, అంటే మా అక్క భర్త, పూండి అవతల సముద్రపు హోరు వినబడే ఊళ్లో రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. మూతపడిన ఒక ట్యూషన్ సెంటరు నుంచి పాత కంప్యూటరు తెచ్చాడు. తెర వెనక పెద్ద పొట్ట, ఆన్ చేస్తే పిండిమర చప్పుడు. "ఇదేటి బాబూ, నిండు సూలాల్లాగున్నాది!" అని మా అమ్మ నవ్వింది. ఆ నవ్వుతో సహా అమ్మ పాడే మేలుకొలుపులూ హారతిపాటలూ అందులోకి ఎక్కించాడు బావ. నేను బడి మొహం చూడలేదు. ఇసకలో అమ్మ వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు, ఆ పాటలే నా వాచకం. అమ్మ పోయాక ఆ గొంతు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. శనివారాలు దీపం పెట్టి, చాప మీద కూర్చుని అందరం వినేవాళ్లం. ఇంతటి భాగ్యం ఎవరికుంటుందని దణ్ణం పెట్టుకునేదాన్ని.

"పెట్టె ముసిల్దైపోనాది మావా, ఆ పాటలు ఫోన్లోకి ఎక్కించీ," అని అక్క పోరేది.

"ఎక్కిత్తాన్లే. నువ్వూ ముసిల్దానివే, నిన్ను మార్సీసినానేటి?" అనేవాడు బావ. అక్క చేట ఎత్తేది.

ఉప్పుగాలి ఏ ఇనుమునీ వదలదు. కంప్యూటరుకు కరెంటు అందించే రేకుపెట్టె తుప్పుపట్టి పొడి రాల్చసాగింది. అందులో ఫ్యూజు మాటిమాటికీ పోతూంటే బావ విసిగి, దాని బదులు మందపాటి రాగితీగ చుట్టేశాడు. ఇక తుప్పుకి మా తీరంలో ఒకటే మందు, జీడిపిక్కల తొక్క నుంచి తీసే నల్లటి చమురు. పడవ చెక్కకీ అదే, గుమ్మానికీ అదే. బావ రేకుపెట్టె విప్పి లోపలా బయటా ఆ చమురే పూశాడు.

"ఇంత ఘాటేటి బావా?" అన్నాను.

"ఓలమ్మీ, సముద్రంలో నానిన పడవనే కాసే సమురిది. దీన్ని ఉప్పేటి సేత్తాది?"

ఉప్పు నిజంగానే ఏమీ చెయ్యలేదు.

అమ్మ తిథి నాడు, విస్తళ్లు వేసే ముందు, చుట్టాలందరికీ ఆ గొంతు వినిపిద్దామని బావ కంప్యూటరు పెట్టాడు. "ఇదేటి బాబూ..." అన్నంతవరకే వినబడింది. టప్పుమని రేకుపెట్టెలో ఏదో పేలింది. ఫ్యూజు ఉంటే అక్కడితో ఆగేదట. రాగితీగ ఆపలేదు. ఎండిన చమురు అంటుకుని మంట కంప్యూటరంతా పాకింది. బావ ఒట్టి చేతులతో దాన్ని లాగబోయాడు.

"ఒగ్గీ మావా! అమ్మ ఎలాగూ పోనాది, నువ్వుండు!" అని అక్క కేకపెట్టి, మెయిన్ కట్టేసి, వాకిట్లో ఇసక చేటతో ఎత్తిపోసింది.

ఇల్లు నిలిచింది. అరచేతులు కాలినా బావ దక్కాడు. ఆ దయకి దేవుడికి రోజూ మొక్కుకుంటాను. పాటలు దాచిన డిస్కుని, కాలినదాన్ని కాలినట్టే గుడ్డలో చుట్టుకుని బావ పలాస, టెక్కలి, చివరికి విశాఖ దాకా తిరిగాడు. "ఇందులో ఇంకేటీ నేదు బాబూ," అన్నారు అన్నిచోట్లా. ఇప్పటికీ శనివారం దీపం పెట్టే వేళకి బావ పెరట్లోకి వెళ్లిపోతాడు. అక్క పిలవదు.

పాటలన్నీ నాకు నోటికి వచ్చు. నిన్న స్టాండులో కూర్చుని అమ్మ నవ్వుతూ అన్న ఆ మాటని లోపల వినబోయాను. మాట వచ్చింది, గొంతు మాత్రం నాదే. ఏళ్లు గడిచేకొద్దీ అమ్మ నా గొంతుతోనే మాట్లాడుతోంది. అది ఆవిడది కాదని చెప్పగలిగేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.