టిఫిన్‌కు అరగంట ముందు

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను కొత్తకోట దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ ఎడ్యుకేటర్‌గా వేశారు. ఆశా కార్యకర్తలు బొమ్మల చార్టు పట్టుకుని ఊళ్లలో షుగర్ జబ్బు గురించి చెబుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పారా లేదా అని చూసి మార్కులు వేయడం నా పని. మాట మారితే మార్కు పోతుంది.

పత్తి ఏరే రోజులు. ఆశా కార్యకర్త స్వరూప చార్టు పొల్లు పోకుండా చదివింది: గోళీ పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. నిండు మార్కులు వేశాను. ఆ వారంలోనే ఎల్లమ్మ అనే కూలి మనిషి చేనులో పడిపోయింది. వాళ్లిళ్లలో టిఫిన్ ఎక్కడిది? తెల్లారకముందే గోళీ మింగి, చాయ తాగి ఆటో ఎక్కింది. సద్దిమూట విప్పేది పది దాటాకే. ఈలోపు ఒంట్లో చక్కెర పడిపోయింది.

"పెయ్యంత చెమటలు వట్టినయి సారూ, సచ్చిపోతననుకున్న. గా గోళీల జోలికి మళ్ల పోను," అంది ఎల్లమ్మ తేరుకున్నాక. ఆమె కాలికి మానని పుండు ఉంది. గోళీలు మానేస్తే కాలే పోవచ్చు. ఆమెను చూసి వాడలో మిగతావాళ్లూ మానేశారు. నాకు కుదురు లేకుండా పోయింది.

కూలికి పోయే రోజు గోళీ వద్దని చెబుదామంది స్వరూప. వాళ్లకు కూలి లేని రోజేది? నేను ఒప్పుకోలేదు. జిల్లా ఆఫీసుకు ఫోన్ చేస్తే చార్టులో అక్షరం మార్చొద్దన్నారు. ఒళ్లు మండింది. ఏది మార్చొచ్చో, ఏది కూడదో తేల్చమని మా డాక్టరమ్మనే అడిగాను. మోతాదు మారదు, రోజూ వేసుకోవాలి, తిండికి అరగంట ముందే వేసుకోవాలి. ఆ తిండి ఏ వేళకన్నది వాళ్లను బట్టి అన్నారామె. చెమట, వణుకు వస్తే నోట్లో వేసుకోవడానికి బెల్లం ముక్క దగ్గరుంచుకోమన్నారు. చార్టులోనేమో తినకూడదని బెల్లం బొమ్మ మీద ఎర్ర గీత ఉంది.

మర్నాడు కూలీల ఆటో దగ్గర ఎల్లమ్మకు ఇదంతా చెప్పాను. "బెల్లం వద్దన్నది మీరే, తినుమనేది మీరేనా? ఏది నమ్మాలె?" అని నిలదీసింది. రోజూ తినడానికి కాదు, చెమట, వణుకు వచ్చినప్పుడే అని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గోళీ, బెల్లం కొంగున కట్టుకుంది. నమ్మకం కుదరక నేనూ వెనకాలే వెళ్లి, ఆమె గోళీ వేసుకుని సద్ది తినేదాకా చేను గట్టు మీద నిలబడ్డాను.

తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి చార్టు మార్చి చెప్పామని మా కేంద్రానికి మార్కులు కోశారు. ఎండాకాలం దాటేసరికి పుండు మానింది, ఎల్లమ్మ కాలు దక్కింది. మందుకు సంబంధించిన మాటేదో, మన అలవాటు కొద్దీ రాసిన మాటేదో చార్టులో విడదీసి ఉండదు. అది విడదీసుకున్నాకే ఊళ్లో అడుగు పెట్టాలి.