పెగ్ ఫోటోకి అడ్డం

హాలీవుడ్ పక్కనున్న బర్బ్యాంక్ స్టూడియోల్లో వెర్నా స్టోల్క్ నాలాగే జూనియర్ ఆర్టిస్టు. వయసులో ఉన్నప్పుడు ఒక పోలీసు సీరియల్లో పెగ్ అనే హోటల్ సర్వరుగా కాఫీ పోసింది. తర్వాత ఆసుపత్రి సీరియల్లోనూ, లాయర్ల సీరియల్లోనూ అదే పేరుతో, అదే పసుప్పచ్చ ఏప్రన్‌తో పోసింది. పెగ్ కనబడితే చాలు, ఆ కథలన్నీ ఒకే ఊళ్లో జరుగుతున్నట్టేనని అభిమానులు తేల్చేశారు. లేని ఆ ఊరికి పటాలు కూడా గీశారు. వెర్నా ఏ ఊళ్లో ఉందో మాత్రం ఎవరికీ పట్టలేదు.

మొన్న ఒక కొత్త సీరియల్‌కి మా ఇద్దరినీ గుంపులో కూర్చోబెట్టారు. సెట్టు అచ్చం ఆ పాత హోటలే. గోడ మీద వెర్నా పడుచుదనపు ఫోటో, చుట్టూ నల్ల రిబ్బను, కింద ‘మన పెగ్ జ్ఞాపకార్థం’. పాత సీరియళ్లకు నివాళి అట! మనిషి ఉందో పోయిందో కనుక్కునే తీరిక ఒక్క వెధవకీ లేకపోయింది.

“అది నువ్వేనని చెప్పవే!” అన్నాను.

“నోర్ముయ్యి, ఓపల్. చచ్చినదాన్ని గుంపులో ఎవడు కూర్చోనిస్తాడు? ఉన్న ఈ పనీ పోతుంది.”

అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చింది. “మామ్మగారూ, కాస్త జరగండి. ఫోటోకి అడ్డొస్తున్నారు.”

వెర్నా జరిగింది.

షాట్ మొదలైంది. హీరో ఫోటో వైపు కప్పెత్తి కళ్లు తుడుచుకున్నాడు. వెనక కూర్చున్న మేం కబుర్లాడుకుంటున్నట్టు పెదవులు కదపాలి, గొంతు మాత్రం బయటికి రాకూడదు. వెర్నా నావైపు తిరిగి, “నేను బతికే ఉన్నాను” అని పెదవులు కదిపింది.

నేను మాకు నేర్పినట్టే నవ్వుతూ తలూపాను.